ల్యాండ్ క్రూజర్ 5.7కి టీవీఎస్ 1900 సూపర్‌ఛార్జర్: పికప్ కిట్‌తోనే వస్తుంది, చల్లదనం మాత్రం విడిగా కొనాలి

ముందు తీర్పు చెప్పేస్తాను. ల్యాండ్ క్రూజర్ 200, లెక్సస్ ఎల్ఎక్స్ 570 పెట్రోల్ బళ్ళలో ఉండే 5.7 లీటర్ల వీ8 ఇంజన్‌కి ఈటన్ కంపెనీ టీవీఎస్ 1900 రోటర్లున్న సూపర్‌ఛార్జర్ కిట్ (ఇంజన్ బెల్టుతో తిరిగి గాలిని లోపలికి నొక్కి పంపే బ్లోయర్, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ కలిపి) అతికినట్టు సరిపోతుంది. కాలు ఆనించగానే లాగుడు వస్తుంది. కంపెనీ ఇంజన్‌లాగే నెమ్మదిగా స్లోలో (ఐడ్లింగ్‌లో) నిలబడుతుంది. అంతవరకు వంక పెట్టడానికి లేదు. వంకంతా వేడి దగ్గరే. సియాటిల్‌లో ఆఫీసుకి వెళ్ళొచ్చే బండికి బాక్సులో వచ్చిన సామాను చాలు. ఫీనిక్స్ ఎండలో ట్రైలర్ లాగే బండికీ, అబుదాబి వైపు లీవా ఇసుక తిన్నెలెక్కే బండికీ అది చాలదు. కిట్ ధరకి తోడు చల్లబరిచే సామానుకీ, కొలిచే పరికరాలకీ డబ్బు పక్కన పెట్టుకోలేకపోతే ఈ పని ఇంకో ఏడాది ఆపుకోవడం మేలు.

ఏ బళ్ళ గురించి మాట్లాడుతున్నామో తేల్చుకుందాం. అమెరికాలో 2008 నుంచి 2021 వరకు అమ్మిన ల్యాండ్ క్రూజర్ 200 మొత్తం 5.7 లీటర్ల 3యూఆర్-ఎఫ్ఈ ఇంజనే. గల్ఫ్‌లో దానితోపాటు 4.0 వీ6, 4.6 వీ8 కూడా నడిచాయి, కాబట్టి అక్కడ సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్ళు ముందు ఇంజన్ కోడు చూసుకోవాలి. ఇండియాలో షోరూముల్లో అమ్మిన 200 సిరీస్ డీజిల్ 4.5, దానికి టర్బోలు ఎలాగూ ఉన్నాయి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఆ డీజిల్ బండి ఉన్నవాళ్ళకి ఈ కిట్‌తో పనిలేదు. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇలాంటి మార్పుల్ని గట్టిగానే కట్టడి చేస్తుంది. ఇక్కడ రాసేది టెక్సస్, ఆరిజోనా, కాలిఫోర్నియా, దుబాయ్, దమ్మామ్ వైపు ఉన్నవాళ్ళ కోసం.

ఈ రకం కిట్‌ని అమెరికాలో మాగ్నసన్ అమ్ముతోంది. అంతకు ముందు టొయోటా సొంత టీఆర్‌డీ విభాగం ఇదే ఇంజన్ ఉన్న టండ్రా ట్రక్కుకి ఇచ్చిన సూపర్‌ఛార్జర్ కూడా ఇదే కుటుంబం. దానితో టండ్రా 381 హార్స్‌పవర్ నుంచి 504కీ, 401 పౌండ్-అడుగుల టార్క్ నుంచి 550కీ వెళ్ళింది. అంటే 10.2 కంప్రెషన్ ఉన్న ఈ ఇంజన్ లోపలి పిస్టన్లు, రాడ్లు మార్చకుండానే ఆ మాత్రం బూస్ట్‌ని (బ్లోయర్ అదనంగా ఇచ్చే గాలి పీడనాన్ని) మోయగలదని టొయోటాయే ఒప్పుకున్నట్టు. మోయలేనిది నాకింగ్‌ని, అంటే సిలిండర్లో పెట్రోల్ అదను తప్పి దానంతటదే పేలడాన్ని. నాకింగ్‌కి మూలం వేడి.

బ్లోయర్ గురించి రెండు ముక్కలు. 1900 అంటే రోటర్లు ఒక చుట్టు తిరిగితే 1.9 లీటర్ల గాలిని ముందుకు తోస్తాయని. పాత ఈటన్ రోటర్లకి మూడు రెక్కలు, 60 డిగ్రీల మెలిక. టీవీఎస్‌కి నాలుగు రెక్కలు, 160 డిగ్రీల మెలిక. మెలిక పెరిగితే గాలి అంచెలంచెలుగా కాకుండా ధారలా వెళ్తుంది, అందుకే కూత తక్కువ, వేడీ తక్కువ. ఈటన్ చెప్పే 76 శాతం సామర్థ్యం రోటర్లు ఉత్తమంగా పనిచేసే చోట వచ్చే అంకె. రోడ్డు మీద, అన్ని ఆర్‌పీఎంలూ కలిపి చూస్తే 65 దగ్గర వేసుకోవడం న్యాయం. లెక్కంతా దాని మీదే వేస్తాను.

వేడి లెక్క

బయట 45 డిగ్రీలు. బూస్ట్ 6 పీఎస్ఐ (చదరపు అంగుళానికి 6 పౌండ్లు). గాలి పీడనం 1.41 రెట్లవుతుంది. నూటికి నూరు పాళ్ళు సామర్థ్యం ఉన్నా అలా నొక్కిన గాలి 33 డిగ్రీలు వేడెక్కుతుంది. 65 శాతం దగ్గర అది 50 డిగ్రీలు. బ్లోయర్ నోటి దగ్గర 95 డిగ్రీల గాలి అన్నమాట. చిన్న పుల్లీ వేసి 8 పీఎస్ఐకి తీసుకెళ్తే అదే గాలి 110కి చేరుతుంది. ఆ రెండు పీఎస్ఐ కోసం ఆశపడేవాళ్ళు ఈ పదిహేను డిగ్రీలు గుర్తుపెట్టుకోవాలి.

5,500 ఆర్‌పీఎం దగ్గర ఈ ఇంజన్ 6 పీఎస్ఐతో సెకనుకి దాదాపు 350 గ్రాముల గాలి మింగుతుంది. 95 డిగ్రీల ఆ గాలిని ఇంటర్‌కూలర్ 67కి దించాలంటే దాదాపు 10 కిలోవాట్ల వేడి లాగాలి. మన ఇళ్ళలో బాత్‌రూమ్ గీజరు 2 కిలోవాట్లు. అలాంటివి ఐదు ఒకేసారి వేసినంత వేడిని బంపరు వెనకున్న చిన్న హీట్ ఎక్స్‌ఛేంజర్ బయటకు ఊదెయ్యాలి. అదొక్కటే కాదు. ఇంజన్ అదనంగా ఇచ్చే ప్రతి 70 హార్స్‌పవర్‌కి రేడియేటర్ మీద సుమారు 40 కిలోవాట్ల అదనపు బరువు పడుతుంది. బ్లోయర్ తిరగడానికే పాతిక హార్స్‌పవర్ పైన బెల్టు గుండా పోతుంది, అదీ ఇంజనే సంపాదించి పెట్టాలి.

హైవే మీద ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఇదంతా ఎనిమిది, పది సెకన్ల ముచ్చట. ఏమీ కాదు. ఫీనిక్స్ నుంచి ఫ్లాగ్‌స్టాఫ్ దాకా ట్రైలర్‌తో ఎక్కితే 1,700 మీటర్లకు పైగా ఎత్తు, అరగంట అరగంట యాక్సిలరేటర్ తొక్కే ఉంటుంది. ఇసుకలో ఇంకా కష్టం. బండి వేగం గంటకి 25 కిలోమీటర్లు, ఇంజన్ 4,000 మీద అరుస్తూ ఉంటుంది, గ్రిల్‌లోకి ఎదురుగాలి రాదు. అక్కడ గాలి లాగేది ఫ్యాన్ ఒక్కటే.

బిగించే ముందు

పాత జబ్బులన్నీ ముందే నయం చేయించాలి. ఈ ఇంజన్‌లో వాటర్ పంపు దగ్గర గులాబీ రంగు పొడి పేరుకోవడం మామూలు. అది ఆరిపోయిన కూలెంట్. బెల్టు ఎలాగూ ఊడదీస్తారు కాబట్టి పంపు అప్పుడే మార్చెయ్యండి. రేడియేటర్ పై ట్యాంకు నల్ల ప్లాస్టిక్. అంచుల దగ్గర, పైన గీతలాగా ఉబ్బి ఉండే చోట టార్చి వేసి చూడండి. వెంట్రుక మందం బీటలో గులాబీ మరక కనిపిస్తే రేడియేటర్ కొత్తది తెచ్చాకే మిగతా పని. అన్ని సిలిండర్ల కంప్రెషన్ ఒకదానికొకటి పది శాతం లోపు తేడాలో ఉండాలి. లేకపోతే కిట్ బాక్సు విప్పకండి.

ఫ్యాన్ క్లచ్ (వేడిని బట్టి ఫ్యాన్‌ని ఇంజన్‌తో కలిపి తిప్పే భాగం) పరీక్ష ఒక నిమిషం పని. ఇంజన్ బాగా వేడిమీద ఉండగా ఆపి, తాళం తీసేసి, ఫ్యాన్ రెక్కని చేత్తో తిప్పండి. జిగటగా పట్టుకున్నట్టుంటే బాగున్నట్టు. చక్రంలా రెండు మూడు చుట్లు తిరిగితే లోపలి సిలికాన్ నూనె పోయినట్టే. పాత క్లచ్‌తో సూపర్‌ఛార్జర్ నడపడమంటే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

బిగింపు

చేయి తిరిగిన ఇద్దరికి రెండు పూర్తి రోజులు. ఒక్కరోజులో చేసిస్తామనే షాపుకి ఇవ్వకండి. ఎందుకో కింద అర్థమవుతుంది.

ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసి ఇంజన్ దానంతటది ఆగేదాకా నడిపితే లైన్లో ప్రెషర్ దిగిపోతుంది. తర్వాత బ్యాటరీ నెగెటివ్ విప్పి, కూలెంట్ శుభ్రమైన పాత్రలోకి దించాలి. పాత ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకి గాలి పంచే భాగం) లేపే ముందు కంప్రెసర్ గాలితో చుట్టూ దుమ్ము ఊదెయ్యాలి. ఏళ్ళ తరబడి నడిచిన బండిలో మానిఫోల్డ్ కింద లోయలో ఎండుటాకులు, ఇసుక, ఒక్కోసారి ఎలుక గూడు కూడా ఉంటుంది. మానిఫోల్డ్ లేచిన మరుక్షణం ఎనిమిది పోర్టులకీ టేపు వేసెయ్యాలి. గుడ్డలు కుక్కే అలవాటు మంచిది కాదు, ఎనిమిదింటిలో ఒకటి లోపలే మర్చిపోయే ప్రమాదం ఉంది. లోయని వాక్యూమ్‌తో లాగాలి.

హెడ్ మీద గ్యాస్కెట్ కూర్చునే ముఖాన్ని ప్లాస్టిక్ గీకుడు బద్దతో శుభ్రం చేయాలి. గరుకు డిస్కు పెట్టి గ్రైండర్‌తో రుద్దితే నిమిషంలో తళతళలాడుతుంది, కానీ ఆ డిస్కు నుంచి రాలే అల్యూమినియం ఆక్సైడ్ పొడి ఆయిల్లోకి చేరి బేరింగుల్ని తినేస్తుంది. షాపు వాళ్ళు తొందరలో చేసే తప్పుల్లో ఇదే అన్నిటికన్నా ఖరీదైనది, బిల్లు వచ్చేది ఆర్నెల్ల తర్వాత.

కొత్త అసెంబ్లీ బరువైనది. ఇద్దరు పట్టుకుని దించినా, గ్యాస్కెట్ మీద పెట్టి జరిపితే ఓ-రింగు నలిగిపోతుంది. రెండు పొడుగు బోల్టుల తలలు కోసి, ఎదురెదురు మూలల్లో గైడ్లలాగా నిలబెట్టి, వాటి మీదుగా నిలువుగా దించితే ఆ భయం లేదు. బోల్టులు మధ్య నుంచి బయటికి, మూడు విడతల్లో, టార్క్ రెంచితోనే, కిట్ పుస్తకంలో ఇచ్చిన అంకెకి. అల్యూమినియంలోకి ఉక్కు బోల్టు. చేతి అంచనా పనికిరాదు.

ఇంజెక్టర్లు కిట్‌లో వచ్చినవే వాడాలి. సైజు సరిపోతుందో లేదో మీరే చూసుకోవచ్చు. 500 హార్స్‌పవర్‌కి, హార్స్‌పవర్‌కి గంటకి 0.6 పౌండ్ల పెట్రోల్ చొప్పున 300 పౌండ్లు. ఎనిమిదితో భాగించి, 85 శాతం డ్యూటీ (ఇంజెక్టర్ తెరిచి ఉండే సమయం) దాటకుండా చూస్తే ఒక్కోటి 44 పౌండ్లు, అంటే నిమిషానికి 460 సీసీ దగ్గర. అంతకంటే చిన్నవి చవకగా ఇస్తామంటే వద్దనండి.

ప్లగ్గులు ఒక మెట్టు చల్లటివి. కంపెనీ ప్లగ్గు డెన్సో ఎస్‌కే20హెచ్ఆర్11. అందులో 20 వేడి మెట్టు, 11 అంటే 1.1 మిల్లీమీటర్ల గ్యాప్. బూస్ట్‌కి డెన్సోలో 22, ఎన్‌జీకేలో 7 మెట్టు తీసుకోవాలి, గ్యాప్ 0.8 నుంచి 0.9 మధ్య. బూస్ట్‌లో నిప్పురవ్వ దూకడం కష్టం కాబట్టి గ్యాప్ తగ్గించాలి. ఇరిడియం మొనని గ్యాప్ పనిముట్టుతో నొక్కితే విరుగుతుంది, పక్క ఎలక్ట్రోడ్‌నే వంచాలి.

బైపాస్ వాల్వ్ గొట్టం దగ్గర ఆగి చూడండి. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు స్ప్రింగు ఆ వాల్వ్‌ని మూసి ఉంచుతుంది. స్టార్ట్ చేయగానే వాక్యూమ్‌కి దాని చిన్న చేయి టక్కున జరిగి స్టాపర్‌కి ఆనాలి. అప్పుడు గాలి రోటర్లని తప్పించుకుని తిరుగుతుంది, మామూలు నడకలో వేడి పుట్టదు, మైలేజీ పెద్దగా పడదు. గొట్టం తప్పు నిపిల్‌కి పెడితే ఆ చేయి కదలదు. స్లోలోనే ఈల వినిపిస్తుంది, 80 మీద నిదానంగా పోతున్నా గాలి వేడెక్కుతూనే ఉంటుంది, కారణం తెలియక పంపులు, రేడియేటర్లు మార్చుకుంటూ పోతారు. రెండో మనిషి తాళం తిప్పుతుంటే మీరు టార్చి వేసి ఆ చేయిని చూడండి. అయిదు సెకన్ల పని, చాలామంది చెయ్యరు.

ఇంజన్ కంప్యూటర్ (ఈసీయూ)లోకి కొత్త సెట్టింగుల ట్యూన్ ఫైలు ఎక్కించకుండా స్టార్ట్ కొట్టకూడదు. ఎక్కించేటప్పుడు బ్యాటరీకి ఛార్జరు తగిలించి ఉంచాలి, మధ్యలో వోల్టేజీ పడితే ఈసీయూ సగంలో ఆగిపోతుంది. కాలిఫోర్నియా వాళ్ళు ఆ కిట్‌కి, ఆ సంవత్సరం బండికి అక్కడి కాలుష్య బోర్డు అనుమతి (కార్బ్ ఈవో) నంబరు ఉందో లేదో కొనేముందే అడగాలి. స్టిక్కరు లేకుండా స్మాగ్ పరీక్ష గట్టెక్కదు.

ఇంటర్‌కూలర్ నీళ్ళు

ఈ కిట్ బతుకంతా ఇక్కడే ఉంది. ఇంజన్ కూలెంట్‌తో సంబంధం లేని వేరే చిన్న వలయం ఇది: డబ్బా, దాని కింద కరెంటు పంపు, ముందు హీట్ ఎక్స్‌ఛేంజర్, మానిఫోల్డ్ లోపల ఇంటర్‌కూలర్, మళ్ళీ డబ్బా. డబ్బా అన్నిటికన్నా ఎత్తులో, పంపు డబ్బా కన్నా కిందా ఉండాలి. ఈ పంపులకి గాలిని పీల్చి నీళ్ళు లాగే శక్తి లేదు, పైనుంచి నీళ్ళు పడితేనే తోస్తాయి. హీట్ ఎక్స్‌ఛేంజర్ బయటి మూతి పైవైపు ఉండేలా పెట్టాలి, లేకపోతే పై మూలలో గాలి బుడగ ఇరుక్కుని సగం ఫిన్లు వృథా.

గాలి తీయడం మీదే ఎక్కువ సమయం పెట్టండి. వాక్యూమ్‌తో నింపే పనిముట్టు ఉంటే పది నిమిషాలు. లేకపోతే ఇంజన్ ఆపి, పంపు రిలేకి జంపరు వేసి, మూత తెరిచి, పంపుని అరగంట తిప్పాలి. బండి ముందు చక్రాలు ఎత్తు మీద ఉంటే ఇంకా తొందరగా వస్తుంది. డబ్బాలో నీళ్ళు సుడి తిరగడం కనిపించాలి, నురుగు కనిపించకూడదు. నురుగున్నంతసేపూ గాలి ఉన్నట్టే.

పంపు నిజంగా ఎంత తోస్తోందో బకెట్టుతో కొలవండి. డబ్బాకి తిరిగొచ్చే హోసుని విప్పి బకెట్లో పెట్టి, డబ్బాలో నీళ్ళు పోస్తూ ముప్పై సెకన్లు పంపు తిప్పండి. ఏడు లీటర్లు రావాలి. ప్యాకింగ్ మీద నిమిషానికి 20 లీటర్లని రాసి ఉన్న పంపు, హోసులు, మలుపులు, ఇంటర్‌కూలర్ సన్నటి సందులు దాటాక 14, 15 ఇస్తే మంచి పంపే. అంతకు బాగా తక్కువ వస్తే హోసు ఎక్కడో నలిగింది, లేదా పంపుకి వెళ్ళే వైరు సన్నది. పంపు కనెక్టరు దగ్గర, పంపు తిరుగుతుండగా, 13 వోల్టులకి తగ్గకూడదు.

నిమిషానికి 20 లీటర్లు పారితే 10 కిలోవాట్ల వేడికి నీళ్ళు ఇంటర్‌కూలర్ దాటేసరికి ఎనిమిది డిగ్రీలు పెరుగుతాయి. పదే పారితే పదహారు. గాలి ఎంత చల్లబడుతుందో ఈ తేడాయే తేలుస్తుంది. మంచు పడని ఊళ్ళో సగం కూలెంట్ కలపడం కూడా అనవసరం. డిస్టిల్డ్ వాటర్ 70 పాళ్ళు, కూలెంట్ 30 పాళ్ళు చాలు. గ్లైకాల్ కన్నా నీళ్ళే వేడిని ఎక్కువ మోస్తాయి. డాలస్‌లో శీతాకాలం ఒక్కోసారి గట్టిగా గడ్డకడుతుంది, అక్కడ సగం సగమే క్షేమం. ట్యాప్ నీళ్ళు మాత్రం వద్దు. గల్ఫ్‌లోనైనా టెక్సస్‌లోనైనా ఉప్పు పేరుకుని సన్నటి సందులు పూడిపోతాయి.

డబ్బు పెట్టదలిస్తే మొదట పెద్ద హీట్ ఎక్స్‌ఛేంజర్ మీద పెట్టండి, రెండోది దాని వెనక 12 వోల్టుల ఫ్యాన్లు. ఇసుక బండికి ఫ్యాన్లే ముందు. ఏసీ కండెన్సర్‌కి ఆనించి బిగించకూడదు, ఒకటిన్నర రెండు సెంటీమీటర్ల సందు ఉంచి, ఆ సందు పక్కల్ని ఫోము పట్టీతో మూయాలి. పక్కల నుంచి తప్పించుకున్న గాలి దేన్నీ చల్లబరచదు. ఐసు పెట్టె, పెద్ద డబ్బా లాంటివి డ్రాగ్ రేసులకి పనికొస్తాయి. అరగంట ఘాట్ రోడ్డు ఎక్కే బండికి వాటితో ఒరిగేదేమీ లేదు, అయిదు నిమిషాల్లో డబ్బాలో నీళ్ళు కూడా వేడెక్కిపోతాయి.

రేడియేటర్, ఫ్యాను, గేరు బాక్సు

ముందు వించి, దాని పైన లైటు బారు, మధ్యలో హీట్ ఎక్స్‌ఛేంజర్, వెనక కండెన్సర్, అన్నిటి వెనక రేడియేటర్. గాలి ఇన్ని గోడలు దాటాలి. లైటు బారుని గ్రిల్ ముందు నుంచి తీసి పైకి మార్చడం పైసా ఖర్చు లేని పని. కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందులో పేరుకున్న ఇసుక, పురుగులు ముందు నుంచి నీళ్ళు కొడితే పోవు, ఇంకా లోపలికి దిగుతాయి. పైనున్న బ్రాకెట్లు విప్పి, కండెన్సర్‌ని కొంచెం ముందుకి వంచి, ఇంజన్ వైపు నుంచి తక్కువ ప్రెషర్‌తో కడగాలి. ఫ్యాను చుట్టూ ఉండే ష్రౌడ్ ముక్కలు, రబ్బరు పట్టీలు పని అయ్యాక ఒక్కటీ మిగలకుండా తిరిగి బిగించాలి. షాపుల్లో ఒక మూలన మిగిలిపోయే రబ్బరు ముక్క విలువ వాళ్ళకి తెలియదు.

థర్మోస్టాట్ కంపెనీది 80-84 మధ్య తెరుచుకునేదే ఉంచండి. 71 డిగ్రీలది వేస్తే బండి చల్లగా నడుస్తుందనేది భ్రమ. థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకున్నాక వేడిని తీసేది రేడియేటరూ ఫ్యానూ మాత్రమే, అది ఎప్పుడు తెరుచుకుందనేది అప్పటికి అనవసరం. రేడియేటర్ మూత కొత్తది వేయండి. మూత ప్రెషర్ పట్టకపోతే 50:50 కూలెంట్ మరిగే ఉష్ణోగ్రత ఇరవై డిగ్రీల దాకా పడిపోతుంది.

టార్క్ పెరిగిన దెబ్బ గేరు బాక్సు మీద కూడా పడుతుంది. అమెరికా బళ్ళలో 2015 దాకా ఆరు గేర్లది, 2016 నుంచి ఎనిమిది గేర్లది. రెండింటికీ టొయోటా డబ్ల్యూఎస్ ఆయిలే. ఇసుకలో టార్క్ కన్వర్టర్ లాక్ అవ్వకుండా జారుతూ ఉంటుంది, ఆ జారుడంతా ఆయిల్లోకి వేడిగా దిగుతుంది. 100 డిగ్రీల లోపు నిశ్చింత. 110 దాటితే కాలు తీయాలి, 120 అయితే న్యూట్రల్‌లో పెట్టి 1,500 ఆర్‌పీఎం మీద నిలబెట్టాలి, ఇంజన్ ఆపకూడదు. ఇంజన్ ఆయిలు 7.5 లీటర్లు పడుతుంది. కంపెనీ 0డబ్ల్యూ-20 బదులు వేడి ఊళ్ళలో మంచి 5డబ్ల్యూ-30 వాడటం, 8,000 కిలోమీటర్లకి ఒకసారి మార్చడం నా లెక్కలో తప్పనిసరి.

డ్యాష్‌బోర్డు ముల్లుని నమ్మకండి

టొయోటా వేడి ముల్లు మధ్యలో అతుక్కున్నట్టు ఉంటుంది. 85 అయినా 100 అయినా అది అక్కడే. కదిలిందంటే అప్పటికే ఆలస్యం. ఇంజన్ సెన్సర్ల అంకెలు చూపించే ఓబీడీ రీడరు ఒకటి ఎప్పుడూ తగిలించి ఉండాలి.

అంతకన్నా పెద్ద మోసం ఇన్‌టేక్ గాలి అంకెలో ఉంది. ఈ ఇంజన్‌లో కంపెనీ గాలి ఉష్ణోగ్రత సెన్సరు మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సరు లోపలే, ఎయిర్ ఫిల్టరు తర్వాత ఉంటుంది. అంటే బ్లోయర్‌కి ముందు. రీడర్లో 48 డిగ్రీలు కనిపిస్తుంటే ఇంటర్‌కూలర్ అద్భుతంగా ఉందని సంబరపడతారు, అది బ్లోయర్‌లోకి పోయే గాలి మాత్రమే. సిలిండర్లోకి పోయే గాలి 90 ఉన్నా ఆ అంకె మారదు. ఇంటర్‌కూలర్ తర్వాత మానిఫోల్డ్‌లో రెండో సెన్సరు మీ కిట్‌లో ఉందో లేదో కొనేముందు అడగండి. లేకపోతే చిన్న థర్మిస్టరు సెన్సరు, చిన్న గేజు విడిగా బిగించండి. ఈ మొత్తం పనిలో ఇంతకన్నా విలువైన చిన్న ఖర్చు లేదు.

ఆ రెండో సెన్సరు అంకె బయటి ఉష్ణోగ్రతకన్నా నిదానంగా పోయేటప్పుడు 10-15 ఎక్కువ, పూర్తిగా తొక్కినప్పుడు 25 దాకా ఎక్కువ ఉంటే ఆరోగ్యం. 70 దాటితే ఈసీయూ ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి లాగుతుంది, బండి బరువెక్కినట్టు ఉంటుంది. 80 దాటితే కాలు తీసెయ్యాలి. కూలెంట్ 88-98 మధ్య మామూలు, 105 దగ్గర ఏసీ ఆపి హీటరు వెయ్యాలి, 110 దగ్గర నిలబెట్టాలి. పూర్తి బూస్ట్‌లో గాలి-పెట్రోల్ నిష్పత్తి 11.5 నుంచి 12 మధ్య ఉండాలి. టొయోటా టెక్‌స్ట్రీమ్ లాంటి డయాగ్నస్టిక్ సాధనంలో నాక్ లెర్న్ వాల్యూ అనే అంకె కనిపిస్తుంది. అది వారం వారం కిందికి దిగుతుంటే ఇంజన్ నాకింగ్‌ని మోస్తోందని అర్థం, మీ చెవికి వినపడకపోయినా.

పెట్రోల్ విషయంలో బేరాలొద్దు. అమెరికాలో 91 లేదా 93 ఆక్టేన్. ఎమిరేట్స్‌లో 98 సూపర్. అక్కడి 91 ఆర్‌ఓఎన్ ఈ-ప్లస్ ఈ బండిలో పొయ్యకూడదు. అమెరికా 91కీ గల్ఫ్ 91కీ కొలత వేరని మర్చిపోకండి. అమెరికా 91 అంటే గల్ఫ్‌లో 95 చుట్టుపక్కల.

మొదటి 1,500 కిలోమీటర్లకి రెండు ప్లగ్గులు తీసి, తెల్లటి పింగాణీని భూతద్దంతో చూడండి. లేత గోధుమ రంగైతే హాయి. మిరియాల పొడి చల్లినట్టు సన్నటి నల్ల చుక్కలుంటే నాకింగ్ మొదలైంది. ఆ చుక్కల మధ్య వెండిలాగా మెరిసే రవ్వలుంటే అది పిస్టన్ నుంచి కరిగి ఎగిరిన అల్యూమినియం. ఆ రోజు నుంచి బూస్ట్ బంద్, కారణం దొరికేదాకా.

తరచుగా వచ్చే తిప్పలు

చెక్ ఇంజన్ వెలిగి పీ0171, పీ0174 కోడులు రెండూ కలిసి వస్తే రెండు బ్యాంకుల్లోనూ (సిలిండర్ల వరసల్లోనూ) పెట్రోల్ పలచబడిందని. ఇంజెక్టర్ల మీద అనుమానపడే ముందు ఇన్‌టేక్‌లోకి పొగ ఊది లీకులు వెతికే పరీక్ష చేయించండి. తొంభై పాళ్ళు మానిఫోల్డ్ కింద నలిగిన ఓ-రింగో, వెనక వైపు పెట్టడం మర్చిపోయిన వాక్యూమ్ గొట్టమో బయటపడుతుంది. నూనె రాసిన కాటన్ ఎయిర్ ఫిల్టరు వాడితే ఆ నూనె మాస్ ఎయిర్‌ఫ్లో తీగ మీద పేరుకుని ఇలాంటి తప్పుడు లెక్కే ఇస్తుంది. కంపెనీ కాగితం ఫిల్టరే మంచిది, ఎడారిలో మరీను.

బూస్ట్ గేజు 3,500 దగ్గర 6 చూపించి 5,500 దగ్గర 4కి పడితే బెల్టు జారుతోంది. పుల్లీల చుట్టూ నల్లటి పొడి కనిపిస్తుంది. కొందరు టెన్షనర్ బిగువు పెంచేస్తారు, దానితో వాటర్ పంపు బేరింగు పోతుంది. ముందు పుల్లీలన్నీ ఒకే గీతలో ఉన్నాయో లేదో నిటారు బద్దతో చూడాలి. ఒక మిల్లీమీటరు తప్పినా బెల్టు అంచు దారాలు లేస్తాయి.

క్రాంక్‌కేసు ఆవిరిలో నూనె ఉంటుంది. అది బ్లోయర్ గుండా పోయి ఇంటర్‌కూలర్ ఫిన్ల మీద జిడ్డు పొరలా పడుతుంది. జిడ్డు ఫిన్లు వేడిని వదలవు, పైగా సిలిండర్లోకి పోయిన నూనె పెట్రోల్ ఆక్టేన్‌ని దించి నాకింగ్ తెస్తుంది. ఆ ఆవిరిని తెచ్చే పీసీవీ గొట్టంలో, నూనెని పట్టుకునే మంచి క్యాచ్ క్యాన్ పెట్టి, ఆయిలు మార్చిన ప్రతిసారీ ఖాళీ చేయండి. లోపల జాలీ లేని ఖాళీ డబ్బాలు క్యాచ్ క్యాన్ పేరుతో అమ్ముతున్నారు, వాటి జోలికి పోకండి.

ఎండలో పార్కింగులో పదిహేను నిమిషాలు ఆపి మళ్ళీ తీస్తే మానిఫోల్డ్ గాలి 75, 80 చూపిస్తుంది. ఇది రోగం కాదు, కింద ఇంజన్ వేడి పైకెక్కి బ్లోయర్ లోహంలో నిలబడటం. పంపుని ఇంజన్ ఆపాక అయిదు నిమిషాలు తిప్పే టైమరు రిలే పెడితే సగం తగ్గుతుంది. రోడ్డెక్కాక రెండు మూడు కిలోమీటర్లు గట్టిగా తొక్కకుండా ఉంటే మిగతా సగం తగ్గుతుంది. అయిదు కిలోమీటర్లు పోయినా దిగకపోతే పంపు తిరుగుతోందా లేదా చూడాలి. డబ్బా మూత తీసి సుడి ఉందో లేదో చూడటమే అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష.

ఎవరు కొనాలి

బరువైన ట్రైలరు లాగేవాళ్ళకి, 35 అంగుళాల టైర్లు, ఇనుప బంపర్లు వేసి బండి నీరసపడ్డవాళ్ళకి ఇది నిజమైన మందు. 3,000 ఆర్‌పీఎంలోపే వచ్చే టార్క్‌తో గేరు బాక్సు మాటిమాటికీ కిందికి దూకడం తగ్గుతుంది. ఊళ్ళో పిల్లల్ని బడికి దింపే బండికి ఇంత ఖర్చు అనవసరం. కంప్రెషన్ బాగున్నా సరే, 3 లక్షల కిలోమీటర్లు దాటిన ఇంజన్‌కి పెట్టమని నేను చెప్పను.

సెకండ్ హ్యాండ్ కిట్ దొరికితే బ్లోయర్ మూతి దగ్గర పుల్లీని పట్టుకుని అటూ ఇటూ ఊపండి, ఆట ఉండకూడదు. చేత్తో తిప్పితే రోటర్లు గరగరలాడకుండా తిరగాలి, ఒకదానికొకటి రాసుకున్న గీతలు కనిపించకూడదు. బ్లోయర్ ముందువైపు గేరు పెట్టెలో నూనె విడిగా ఉంటుంది, దాని అద్దమో కొలకర్రో చూసి, నల్లబడి కాలిన వాసన వస్తే వదిలెయ్యండి. ఇంటర్‌కూలర్ లోపలికి నీళ్ళు కారుతున్నాయో లేదో తెలియాలంటే రెండు మూతులూ మూసి 20 పీఎస్ఐ గాలి పెట్టి, ఇరవై నిమిషాలు గేజు కదలకుండా ఉందో లేదో చూడాలి. అక్కడ సన్నటి కారుడున్నా నీళ్ళు తిన్నగా సిలిండర్లోకే పోతాయి. అమ్మేవాళ్ళు ఈ పరీక్ష వద్దంటే అక్కడితో బేరం ఆపెయ్యండి.